ఇచ్చేసిన పద్యాలను వెనక్కి అడగడం

జూన్ 1

పని ఇది. ముప్పై ఏళ్లుగా స్నేహితుల పెళ్లిళ్లకు, బదిలీలకు, గృహప్రవేశాలకు, ప్రయాణాలకు, పోయినవాళ్లకు రాసి ఇచ్చిన పద్యాలన్నీ ఒకచోట చేర్చాలి. ఇంట్లోనే అచ్చు వేసి, కుట్టి, 40 ప్రతులు చేయాలి. గడువు ఆగస్టు 3. నా పద్యాలలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడు అక్షరం) తప్పిన ప్రతిసారీ పట్టుకున్న మిత్రుడు ఆ మధ్యాహ్నం పినాకిని ఎక్కి, చెన్నై వదిలి, విజయవాడలో స్థిరపడడానికి వెళ్తున్నాడు. రైలు కదిలేలోగా మొదటి ప్రతి అతడి చేతిలో పెట్టాలి.

చేతిలో ఉన్న సరుకు తొమ్మిది పద్యాలు. బ్యాంకు డైరీల్లో నాలుగు, చలానా కాగితాల వెనక మూడు, మందుల చీటీ మీద ఒకటి, పాత శుభలేఖ కవరు మీద ఒకటి. మిగిలినవన్నీ ఇచ్చేశాను. పెళ్లి పద్యాలైతే ఐదు రాసి, పంచరత్నాలని పేరు పెట్టి, గులాబి రంగు కాగితం మీద అచ్చు వేయించి తాంబూలాలతోపాటు పంచేవాళ్లు. వాటిని చదివినవాళ్లు తక్కువ, వక్కలు పొట్లం కట్టుకున్నవాళ్లు ఎక్కువ. నాకంటూ ఒక ప్రతి దాచుకోవాలని ఏనాడూ తోచలేదు.

శ్రీనాథుడు పలనాడు వెళ్లి అక్కడి తిండి మీద, నీళ్ల మీద విసుక్కుంటూ చెప్పిన పద్యాలు జనం నోళ్లలో నానుతూ వచ్చాయి. అలాంటి చాటువులను ఏరి కూర్చిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పనిచేసింది ఈ ఊళ్లోనే, ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో. నా పద్యాలను మోసే నోళ్లు లేవు కనుక కవి, సంకలనకర్త, అచ్చు పనివాడు, బైండరు అన్నీ నేనే.

ఇందులో ఎవరి పేరూ రాయను. గణాలతో, అంటే గురు లఘువుల (పొడుగు, పొట్టి అక్షరాల) గుంపుల పేర్లతో పిలుస్తాను. విజయవాడ వెళ్తున్న మిత్రుడి పేరు గురువు, గురువు, లఘువు. కాబట్టి అతడు తగణం.

జూన్ 8

వారమంతా ఫోన్లే. "మీకు నేనొక పద్యం ఇచ్చాను, గుర్తుందా?" అని అడగడం అప్పు వసూలు కన్నా కష్టంగా ఉంది. బ్యాంకులో ఉన్నప్పుడు కనీసం నోటీసు పంపే సౌకర్యం ఉండేది.

యూనియన్‌లో పనిచేసిన ఒక పెద్దాయన తన పదవీ విరమణ నాటి సీసం ఫోన్లోనే రాగం తీసి చదివారు. తీరా చూస్తే అది సీసం చివర వచ్చే ఎత్తుగీతి మాత్రమే. సీసం నాలుగు పాదాలూ ఆయనకు గుర్తు లేవు, నాకూ లేవు. ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు చొప్పున నాలుగు పాదాలు రాయడానికి ఆ రోజు రాత్రి రెండున్నర దాకా కూర్చున్నానన్న సంగతి మాత్రం నాకు బాగా గుర్తుంది.

అన్నిటిలోనూ ఎక్కువ సంబరపెట్టింది పులికాటు పద్యం. ఒక జనవరిలో ఆరుగురం వ్యాను మాట్లాడుకుని సూళ్లూరుపేట వైపు వెళ్లాం. పులికాటు సరస్సులో రాజహంసలనూ, నేలపట్టులో గూడబాతులనూ ఒకే రోజు చూశాం. ఇప్పుడు ఆ పద్యం మూడో పాదంలో ఉన్నది ఏ పక్షి అన్నది తగాదా. ఒకరు రాజహంస అంటారు, ఇంకొకరు గూడబాతు అంటారు. రెండు మాటలూ గురు లఘు గురు లఘువులే. రెండు హగణాల చోట ఏది పెట్టినా కూర్చుంటుంది. గణాలను అడిగితే ఇద్దరిదీ నిజమే అన్నాయి. అప్పుడు పాదం మొదలు ఏమిటని ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ "రంగు" అన్నారు.

రంగు రెక్కలు విప్పిన రాజహంస

తేటగీతిలో నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి. "రం"కు "రా" కుదురుతుంది, "గూ" చచ్చినా కుదరదు. ముప్పై ఏళ్లలో యతి నాకు ఉపకారం చేసింది ఇదే మొదటిసారి.

జూన్ 15

మొత్తం 41 దొరికాయి. పని పెద్దగా సాగలేదు. ఎండ.

జూన్ 22

అంబత్తూరులో పిన్ని కూతురి ఇంటికి వెళ్లాను. 1998లో ఆమె పెళ్లికి రాసిన ఆటవెలది అద్దం కట్టించి హాల్లో పెట్టుకున్నారు. నా దగ్గర ఉన్న మందుల చీటీ ప్రతిలో మధ్య పాదాలు చెరిగిపోయాయి కాబట్టి ఇదే దిక్కు. అద్దం లోపల వెండిచేప పురుగులు దూరి కాగితం అంచులు కొరికేశాయి గాని అక్షరాలు పోలేదు. ఫోటో తీస్తే వెలుగు అద్దం మీద పడుతోందని చేత్తోనే రాసుకున్నాను. పేరు ఉన్న చోట చుక్కలు పెడుతున్నాను:

నేడు …… చేయి నీ చేతిలో నుండె
రేపు గరిటె నీదె రెండు పూట్ల
పప్పు మాడెనేని పకపక నవ్వుడి
యుప్పు తక్కువైన ఊరుకొండి

రాసుకుంటూ ఉండగా ఒళ్లు చల్లబడింది. ఈ పద్యం ఇంతకుముందే నా దగ్గరకు వచ్చింది. రెండు వారాల కిందట మా పాత శాఖలో పనిచేసిన ఒక అమ్మాయి తన 2003 నాటి పెళ్లి పద్యమని ఫోన్లో ఫోటో పంపింది. తెరిచి చూడకుండానే "దొరికినవి" అన్న జాబితాలో ఎక్కించేశాను. అక్కడే నిలబడి ఫోను తీసి చూశాను. అదే గరిటె, అదే పప్పు. పేరొక్కటే వేరు.

ఇద్దరి పేర్లూ హగణాలు మరి. సీత, రాధ, లీల, పద్మ, లక్ష్మి, శోభ, అన్నీ గురువు తరవాత లఘువు. మా తరం ఆడపిల్లల్లో సగం మందిని ఆ చుక్కల్లో కూర్చోబెట్టవచ్చు. 2003లో పెళ్లికి రెండు రోజులే వ్యవధి ఉండి పాత పద్యంలో పేరు మార్చి ఇచ్చేసి ఉంటాను. ఉంటాను ఏమిటి, ఇచ్చేశాను. ఇప్పుడు ఇద్దరికీ పుస్తకం వెళ్తుంది.

అయితే ఒక తేడా ఉంది. అంబత్తూరు పాఠంలో చివరి మాట "ఊరుకొండి". 2003 పాఠంలో "నూరుకొండి". మధ్యలో తగణం చేయి పడింది. "తక్కువైనన్" అన్నది ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట, దానికి అచ్చు పరమైతే (వెంట అచ్చు వస్తే) నకారం వచ్చి తీరాలని అతడు పట్టుబట్టాడు. దిద్దాను. దిద్దగానే ఉప్పు తక్కువైతే ఊరుకోమన్న మాట, ఉప్పు తక్కువైతే ఇంకొంచెం నూరుకోమన్న మాట కూడా అయి కూర్చుంది. 2003లో కల్యాణ మండపంలో అది చదివినప్పుడు కళ్లుప్పు నూరి ఎరిగిన పెద్దవాళ్లు గట్టిగా నవ్వారు. ఆ శ్లేష నాదే అన్నట్టు తల వంచి నమస్కారం పెట్టాను. అది వ్యాకరణం పెట్టిన భిక్ష.

మా చెల్లెలికి జరిగింది చెప్పేశాను. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. "ఇరవై ఏడేళ్లుగా మా ఆయన నేనేమన్నా ‘మీ అన్నయ్య ఊరుకొమ్మన్నాడుగా’ అంటున్నాడు అన్నయ్యా. నువ్వు నూరుకొమ్మన్నావని ఇవాళే తెలిసింది" అంది.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెబితే ఆమె పట్టుకున్నది వేరే పాదం. "రేపు గరిటె నీదె అని ఊళ్లోవాళ్లకు రాశారు. ఈ ఇంట్లో ఆ రేపు ఎప్పుడు?"

జూన్ 29

2003 అమ్మాయికి ఫోన్ చేయడానికి వారం పట్టింది. ఆ పెళ్లి నిలవలేదు. పద్యం వేయవచ్చా అని ఎలా అడగడం, అందులో ఇది ముందు ఇంకొకరికి ఇచ్చిందని ఎలా చెప్పడం? రెండూ ఒకే వాక్యంలో చెప్పేశాను.

"అది మీరు రాసిందా సార్? శుభలేఖల మీద ‘జానక్యాః’ శ్లోకం లాగా అందరి పెళ్లిళ్లకూ వేసేదనుకున్నాను."

ఒక నిమిషం మాట రాలేదు. మాట రాకపోవడానికి సిగ్గు సగం, గర్వం సగం.

"పేరు తీసేసి వేయండి సార్. గరిటె సంగతి మాత్రం అబద్ధం. ఆయన ఒక్కపూట కూడా పట్టలేదు."

నిర్ణయం: ఎడమ పుటలో 1998 పాఠం, కుడి పుటలో 2003 పాఠం. రెండు చోట్లా పేరుకు బదులు చుక్కలు. ఏది మొదటిదో తేదీలే చెబుతాయి.

జూలై 6

ఏవి ఉంచాలన్నది తేలింది. ప్రతి పద్యం పైన సందర్భం రాయక తప్పదు. శ్రీనాథుడికి ఆ బాధ లేదు, కథలు జనమే అల్లారు. నేను రాసి చూస్తే ఒక బదిలీ పద్యానికి తొమ్మిది వాక్యాల వివరణ కావలసి వచ్చింది: మేనేజరు ఎవరు, లిఫ్టు ఎందుకు ఆగింది, గొడుగు ఎవరిది. అంతా చెప్పాక పద్యం చదివితే చప్పగా ఉంది. దాంతో ఒక నియమం పెట్టుకున్నాను. పీఠిక పద్యం కన్నా పొడవైతే రెండూ బయటికే. ఈ నియమం కింద 13 పోయాయి. ప్రేమ పద్యాలు మూడిట్లో ఒక చంపకమాలను తీసేశాను. కారణం ఛందస్సు కాదు. మిగిలినవి 27.

టైపు పని రెండు రకాలు. చేతిరాతవి తిన్నగా యూనికోడ్‌లో కొట్టుకున్నాను. పంచరత్నాలు వేసిన డీటీపీ ఆయన దయతో పాత ఫైళ్లు కొన్ని ఇచ్చాడు. అవి ‘అను’ ఖతుల్లో (ఫాంట్లలో), పేజ్‌మేకర్‌లో చేసినవి. నా కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. మార్పిడి చేశాక కూడా కొన్ని వత్తులు పక్క అక్షరం కిందికి జరిగాయి. "పప్పు"లో వత్తు ఊడి "పపు" అయితే గురువు పోతుంది, గణం పోతుంది, పప్పూ పోతుంది.

ఛందస్సు సరిచూసే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ పెట్టి చూశాను. గణాల లెక్కలో అది నాకన్నా నమ్మదగింది. సంధిలో దాగిన అచ్చును మాత్రం చూడలేకపోయింది. "యుప్పు"కు "నూరు" యతి కాదని ఎర్ర గీత పెట్టింది. అక్కడ కలిసేవి ఉ, ఊ అని దానికి ఎవరు చెబుతారు?

జగణం పేరున్న ఒక స్నేహితురాలి సంగతి కూడా ఈసారే గమనించాను. సుజాత, సునీత లాంటి పేర్లు లఘువు, గురువు, లఘువు. సూర్యగణాల్లోనూ ఇంద్రగణాల్లోనూ జగణం లేదు కనుక ఆటవెలదిలో ఆ పేరు ఒక్క గణంగా ఇమడదు, రెండుగా చీలుతుంది. పేరును చీల్చడం ఇష్టంలేక ఆమెకు ఎప్పుడూ కందాలే రాశాను. కందంలో ఆరో గణం చోట జగణం దర్జాగా కూర్చుంటుంది. ఆమె మాత్రం తనంటే ప్రత్యేకమైన గౌరవంతో కందం రాస్తున్నానని ఇన్నేళ్లుగా అనుకుంటోంది. చెప్పలేదు.

ఖతి: ఉచితంగా దొరికే యూనికోడ్ ఖతుల్లో కృష్ణరాయల కొలువు కవుల పేర్లతో పెద్దన, తిమ్మన ఉన్నాయి. పెద్దన పేరు మీద పప్పు మాడ్చడానికి ధైర్యం చాలక మండలి అన్న ఖతి తీసుకున్నాను.

జూలై 13

కాగితం. మొదట ఇంటి దగ్గర కొట్లో ఏ4 రీము తెచ్చి మడిచి చూశాను. మడత దగ్గర చిన్న చిన్న పగుళ్లు, పుట తెరిస్తే స్ప్రింగులా మూసుకుపోతోంది. కారణం గ్రెయిన్. కాగితంలో నార ఒక దిశగా పరుచుకుని ఉంటుంది, పుస్తకంలో ఆ దిశ వెన్నుకు సమాంతరంగా ఉండాలి. మామూలు ఏ4లో అది పొడుగు వైపు ఉంటుంది. సగానికి మడిస్తే నారకు అడ్డంగా మడిచినట్టు. చిన్న ముక్క చింపి ఒక వైపు తడిపితే గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పడుకున్న దిశే గ్రెయిన్.

దాంతో చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధికి వెళ్లాను. శుభలేఖల కొట్లు, కాగితం కొట్లు, మధ్యలో మనిషి తిరగడానికి మిగిలిన సందు. పెద్ద షీట్లు తీయించి, గ్రెయిన్ పొట్టి వైపు వచ్చేలా ఏ4 కొలతకు కోయించాను. 500 కాగితాలు. కోత యంత్రం దగ్గరి కుర్రవాడు ఎందుకు ఇలా తిప్పి కోయాలని అడిగాడు. తడి ముక్క చేసి చూపిస్తే తన పనివాళ్లందరినీ పిలిచి చూపించాడు.

1854లో వావిళ్లవారి ముద్రణ మొదలైన ఊరు. 1914లో ఆంధ్రపత్రిక బొంబాయి నుంచి తరలివచ్చిన ఊరు. 1924లో భారతి మాసపత్రిక పుట్టిన ఊరు. అలాంటి ఊళ్లో తెలుగు ప్రూఫులు దిద్దేవారు ఎవరైనా ఉన్నారా అని ఆ వీధిలో నాలుగు కొట్లలో అడిగాను. ఐదో కొట్లో టీ ఇచ్చారు.

జూలై 20

లెక్క: 48 పుటలు. ఏ4 ఒకటికి నాలుగు పుటలు. ప్రతికి 12 కాగితాలు, నాలుగేసి కాగితాల మడతలు మూడు. 40 ప్రతులకు 480. చెడిపోవడానికి 20 ఉన్నాయి.

మొదటి మడత బాగా వచ్చింది. పై కాగితం మీద ఒక వైపు 16, 1. వెనక 2, 15. ఏ వైపు చూసినా జంట కూడితే 17 రావాలి. రెండో మడతలో ఆ మొత్తం 49. ఇక్కడ ప్రింటరులో రెండు వైపుల అచ్చుకు పొడుగు అంచు తిప్పమని ఉన్న గడి మార్చడం మరిచాను. అడ్డంగా వేసే కాగితానికి పొట్టి అంచు తిప్పాలి. లేకపోతే వెనక పుట తలకిందులవుతుంది. 32 కాగితాలు అయ్యాక చూసుకున్నాను. రాజహంసలు తలకిందులుగా నిలబడి ఉన్నాయి.

500లో 32 పోతే 468. పన్నెండుతో భాగిస్తే 39. శేషం లేదు. ఒక ప్రతి పోయింది. జాబితాలో ఎవరిని తీసేయాలో తేల్చడం ఇష్టంలేక నన్నే తీసేశాను.

జూలై 27

కుట్టు. మడతకు ఐదు రంధ్రాలు. మొదటి రెండు ప్రతులు నేను కుట్టాను, మూడోది మా ఆవిడ లాక్కుంది. చీరలకు ఫాల్ కుట్టిన చేయి అది. దారానికి మైనం రాయడం, ముడి లోపలికి దాచడం ఆమెకు చెప్పనక్కరలేకపోయింది. నేను జిగురు కాచే పనికి మారాను. మైదా, నీళ్లు, బొద్దింకలు రాకుండా చిటికెడు మైలుతుత్తం. పప్పు మాడినట్టే మొదటి గిన్నె మాడింది. పకపక నవ్వింది ఒక్కరే.

మడతలు వరుసలో పెడుతుంటే 23వ పుట దగ్గర చేయి ఆగుతూ వచ్చింది. అది నగణం చనిపోయిన ఏడాది, 2016లో రాసింది. అతడి పేరు మూడు లఘువులు. నేను, అతడు, తగణం ఒకే ఏడాది బ్యాంకులో చేరాం. తగణం ముందే ఇంటికి పోయేవాడు. మేమిద్దరం పానగల్ పార్కు దగ్గర కాఫీ తాగి బస్సు ఎక్కేవాళ్లం.

మరల రెండు కాఫీలంటి మరపు తోడ
తెచ్చి పెట్టెను రెండును తెలియ డతడు
ఒకటి తాగితి రెండవ దుండె నట్లె
పైన మీగడ కట్టెను బల్ల మీద

తగణానికి ఇన్నేళ్లలో చూపించని పద్యం ఇదొక్కటే. చూపించకూడదని కాదు. నగణం గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు, అంతే. పీఠికలో పేరు లేదు, ఊరు లేదు. "2016, టీ నగర్" అని మాత్రం వేశాను.

ఆగస్టు 3

సెంట్రల్ స్టేషన్. 39 ప్రతుల్లో మొదటిది ఇచ్చాను. తగణం పుస్తకం తెరవలేదు. వెన్ను నిమిరి, కుట్టు లాగి చూసి, "మా చెల్లెమ్మ కుట్టిందా?" అన్నాడు. సంచి ముందు అరలో పెట్టుకున్నాడు. రైలు వెళ్లింది. నేను ఇంటికి వచ్చి, మిగిలిన వాటిని ఎవరికి పోస్టులో, ఎవరికి చేతికి అని విడదీస్తూ కూర్చున్నాను.

గూడూరులో బండి ఆగినప్పుడు ఫోన్ చేశాడు.

"ఇరవై మూడో పుట," అన్నాడు.

"చెప్పు."

"రెండో పాదం చివర ‘అతడు’. మూడో పాదం మొదట ‘ఒకటి’. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"పాదం విరుపు ఉంది కదా."

"విరుపు నువ్వు పెట్టుకున్నది. ‘తెలియ డయ్యె’ అను. తరవాత ‘నొకటి’ అవుతుంది. గణమూ చెడదు, యతీ చెడదు."

వేళ్ల మీద లెక్క చూశాను. చెడలేదు.

"ఆ కొట్టు ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉంది. బల్లలు మార్చారు."

"వాడు చక్కెర వేయనిచ్చేవాడు కాదు." తరవాత రైలు చప్పుడు కాసేపు వినిపించింది. ఫోను పెట్టేయలేదు. బండి కదిలాక సిగ్నలు పోయింది.

కోతలో మిగిలిన అంచు కాగితాల మీద తప్పొప్పుల చీటీలు వేశాను. 23వ పుట, 2, 3 పాదాలు: "తెలియ డతడు / ఒకటి" అన్నచోట "తెలియ డయ్యె / నొకటి" అని చదువుకోవాలి. మొత్తం 38 చీటీలు. అతడి ప్రతికి అవసరం లేదు, ఈపాటికి పెన్నుతో దిద్దేసి ఉంటాడు.